తమ్ముడి బుట్టలో నా వాటా

శ్రీకూర్మం,
15 జూలై 2025

చిరంజీవి గోవింద్‌కు,

అక్క ఆశీస్సులు. పెద్దదాన్ని కాబట్టి రాస్తున్నాను, మనస్ఫూర్తిగా ఇస్తున్నాననుకోకు. ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. నీ క్షేమ సమాచారం నీ వకీలు నోటీసుల్లో అందుతూనే ఉంది.

నరసన్నపేట పెళ్ళిలో, ఆస్తి కోసం నేను నిన్ను కోర్టుల చుట్టూ తిప్పుతున్నానని నలుగురి ముందూ అన్నావట. తిరుగుతున్నది నేను, తిప్పుతున్నది నువ్వు. సిగ్గుండాలి.

నాన్న ఒడ్డున చేపల వాటాలు వేసేటప్పుడు తన అక్క జగ్గమ్మత్త వాటా తన బుట్టలోనే వేసుకుని, పొద్దుగూకేలోపు ఆమె గుమ్మంలో పెట్టి వచ్చేవాడు. రాతకోతలు లేవు. రొయ్యల కంపెనీ పెట్టి, షేర్ మార్కెట్ దాకా తీసుకెళ్ళాక కూడా ఆయన పద్ధతి అదే. నా షేర్లు నీ డీమ్యాట్ ఖాతాలో వేయించి, “అక్కది నీకాడుంటాదిరా, అడిగిననాడు ఇచ్చీ” అన్నాడు. అదీ చేపల బుట్టే అనుకున్నాడు పాపం.

ఆయన పోయాక అడిగాను. “నీకేటి షేర్లు?” అన్నావు. పైగా వాటి బలంతోనే ఛైర్మన్ కుర్చీ ఎక్కి, ఒడ్డున ఆడవాళ్ళు రొయ్యలు వొలిచే షెడ్డు మూయిస్తానంటున్నావు. అమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని మొదలుపెట్టిన పని అది. ఆ షేర్లు నా పేరున ఉంటే నా ఓటుతో ఆపుతాను. నాకు కావలసింది అంతే.

వాటాదారుల రిజిస్టర్లో నా పేరు ఎక్కించమని కంపెనీ ట్రిబ్యునల్‌కి వెళ్ళాను. నీ వకీలు లేచి, ఇది మార్కెట్లో ఉన్న కంపెనీ, పెత్తనం ఎవరి చేతికొచ్చిందో షేర్ మార్కెట్‌ను అదుపు చేసే సెబీ చూడాలి, ట్రిబ్యునల్‌కి అధికారం లేదు అన్నాడు. సరేనని సెబీకి రాశాను. నాలుగో వంతు దాటి షేర్లు చేజిక్కించుకున్నవాడు మిగతా వాటాదారుల దగ్గర కూడా కొంటానని ఆఫర్ ఇవ్వాలి కదా, వీడు ఇవ్వలేదు అని. అక్కడ అదే వకీలు, ఇది ఇంటి తగాదా, షేర్లు ఎవరివో తేల్చేది ట్రిబ్యునలే, సెబీకి అధికారం లేదు అన్నాడు. ఏ నోటితో అన్నాడో!

అమ్మకు చెబితే, “ఏటే, ఈ గుమ్మంకాడ ఆ గుమ్మం సూపిస్తాడు, ఆ గుమ్మంకాడ ఈ గుమ్మం సూపిస్తాడు. ఆడు దారి సెప్తన్నాడా, తలుపులేస్తన్నాడా?” అంది.

షేర్లు ఎవరివో తేల్చడం ట్రిబ్యునల్ పని, మార్కెట్ నిబంధన దాటావో లేదో చూడటం సెబీ పని. ఎవరి హద్దు వాళ్ళకుంది. ఆ రెండు హద్దుల మధ్య సందులో దూరి హాయిగా కూర్చోవచ్చనుకున్నావు చూడు, ఆ తెలివికి నాకు ఒళ్ళు మండిపోతోంది. రాజీకి పెద్దమనుషుల్ని పంపకు. గడప తొక్కనివ్వను.

ఇట్లు,
నీ మీద కేసు వేసిన
కుసుమకుమారి

తా.క.: సెబీకి నువ్విచ్చిన జవాబు నకలు నాకూ వచ్చింది. నాలుగో వంతు దాటలేదని చూపించుకోవడానికి, నా ఖాతాలో ఉన్నా ఆ షేర్లు మా అక్కవి, ఆమెకూ నాకూ ఏ పొత్తూ లేదు అని రాసి సంతకం చేశావు. ట్రిబ్యునల్‌లోనేమో అవన్నీ నీవేనని ప్రమాణం చేశావు. ఒకచోటి కాగితం ఇంకోచోట ఎవరూ చూడరనుకున్నావు. నిన్న మా వకీలు దాన్ని ట్రిబ్యునల్‌లో దాఖలు చేసింది. అమ్మకు చదివి వినిపించాను. “ఇన్నాళ్ళకి ఆడి నోట అక్కన్న మాటొచ్చిందే. అదీ తప్పించుకోడానికొచ్చింది” అని, అన్నం ముందు నుంచి లేచిపోయింది.