గోడకు తిప్పిన కుర్చీ

ప్రభువులో నాకు ప్రియమైన తమ్ముడికి,

నీ చూపు ఎటుంది? ఈ ఉత్తరంలో నేను అడిగేది ఇదొక్కటే. నీ చూపు ఎటుంది తమ్ముడూ?

ఫోన్ చేస్తే ఎత్తవు. ఇంటికొచ్చి అడుగుదామని బయలుదేరితే మీ వదిన గుమ్మానికి అడ్డం నిలబడింది. "మీరెళ్తే అరుస్తారు. అతను తలుపేసుకుంటాడు. మధ్యలో వీధంతా వింటుంది. కాగితం మీద రాయండి, కాగితం అరవదు" అంది. అందుకని కత్తిరింపు బల్ల మీది గుడ్డ పక్కకు తోసి రాస్తున్నాను.

నువ్వు మన టైలరింగు షాపు వదిలి ఇంట్లోనే మిషన్ పెట్టుకున్నప్పుడు నేనేమీ అనలేదు. చేతిపని ఎవరిష్టం వాళ్ళది. ఆరాధన అలా కాదు. ఆదివారం కూటానికి రావడం మానేశావు. కారణం చెప్పవు. మొన్న అందరి ముందూ నీ కుర్చీని గోడకు తిప్పాను. మన కట్టుబాటు నీకు తెలియనిదా? హార్డ్‌వేర్ షాపు మీది గదిలో కూటం పెట్టినప్పుడు ఎవరి కుర్చీ వాళ్ళం ఇంటినుంచి మోసుకొచ్చుకున్నాం. చెప్పకుండా మానేసినవాడి కుర్చీ గోడకు తిరుగుతుంది, వాడొచ్చి మోకరించేదాకా. ఆ నియమం పెట్టింది నేనే. సొంత తమ్ముడని ఊరుకుంటే ప్రభువు ముందు ఏం జవాబు చెప్పను? మైకు పట్టుకుని, వెనక్కి చూసి ఉప్పుస్తంభమైపోయిన లోతు భార్య గురించి మాట్లాడాను. "వెనక్కి చూసిన మనిషి కోసం ఎక్కడో వెతకొద్దు, మా ఇంట్లోనే ఒక ఉప్పుస్తంభం తయారవుతోంది" అన్నాను. కొందరు ఏడ్చారు. ఆ రోజు వాక్యం చాలా బాగా వచ్చిందని మెట్లు దిగుతూ అందరూ అన్నారు.

నీకు కత్తెర పట్టడం నేర్పినప్పుడు ఏం చెప్పాను? కన్ను కత్తెర మీద పెట్టకు, సుద్దగీత మీద పెట్టు అన్నాను. విశ్వాసమూ అంతే. పేతురు నీళ్ళ మీద ఎంతసేపు నడిచాడు? ప్రభువు ముఖం చూసినంతసేపు. అల వైపు చూశాడు, మునిగాడు. నీకు కనిపించిన అల ఏది? ఆదివారం పొద్దున్నే పెద్ద సంచీ భుజాన వేసుకుని బస్సెక్కుతున్నావని మన తాళాల రిపేరాయన చెప్పాడు. ప్రభువు దినాన బేరాలా?

ఈ ఆదివారం వచ్చి మోకరించు. లేదంటే నీ కుర్చీ మెట్లు దిగుతుంది, కూటంలో నీ చోటు పోతుంది. ఇది నా మాట కాదు, కూటం మాట.

నీ మంచికే కఠినంగా రాస్తున్న,
నీ అన్న


ప్రియమైన అన్నకి,

వందనాలు. వదినకి కూడా. కాగితం అరవదని వదిన అనుకుంది గానీ, నీ కాగితం బాగానే అరిచింది.

సంచీలో ఉన్నవి బేరానికి కావు. పీలికలు. నీ బల్లకింద పడేవి కొన్ని, నా మిషను కింద పడేవి కొన్ని. జైలుకి తీసుకెళ్తున్నాను. జైలు గుర్తుందా అన్నా? కూటం లేదు, మైకు లేదు, మనిద్దరమే వెళ్ళేవాళ్ళం. లోపలున్నవాళ్ళకి కుట్టుపనీ వాక్యమూ నేర్పాలి, ఇదే మన గురి, చచ్చేదాకా దీన్నుంచి కన్ను తిప్పకూడదు అన్నావు. తర్వాత కూటం పెరిగింది, నీకు తీరిక తగ్గింది, నేనొక్కడినే వెళ్ళేవాణ్ణి. అంతలో జైలువాళ్ళు తరగతిని శనివారం సాయంత్రం నుంచి ఆదివారం పొద్దుటికి మార్చారు. నీకు చెప్పడానికి వచ్చాను. అప్పుడు నువ్వు బ్యానరు వేసే అతనితో నీ ఫొటో ఎంత ఉండాలో మాట్లాడుతున్నావు. "తర్వాత చూద్దాంలేరా" అన్నావు. ఆ "తర్వాత" ఎప్పుడూ రాలేదు. మళ్ళీ చెప్పకపోవడం నా తప్పే. అలిగాను. నా బుద్ధి నీకు తెలిసిందేగా.

నువ్వు మైకులో అన్నప్పుడు నా కూతురు అక్కడే ఉంది, వదిన పక్కన. ఇంటికొచ్చి నా చెయ్యి గిల్లి చూసింది. "నాన్నా, నువ్వు ఉప్పు అయిపోతావా?" అంది.

నేను దేవుణ్ణి వదల్లేదు. కానీ ఈ ఆదివారం నుంచి జైలుకీ వెళ్ళను. నీ గురించి అక్కడ అబద్ధాలు చెప్పి చెప్పి అలిసిపోయాను. నా కుర్చీని కింది షాపువాళ్ళకి ఇచ్చెయ్. మేకులు తూచే కుర్రాళ్ళు కూర్చుంటారు.

నీ తమ్ముడు


నేను గోడకు తిప్పిన నా తమ్ముడికి,

ఇది ఆదివారం పొద్దున రాస్తున్నాను. మీ వదిన చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది, రాయగానే నీకు తెచ్చివ్వడానికి. "ఈసారి అరవకండి" అంది. అరిచే గొంతు నాకు లేదు.

నీ ఉత్తరం నేను నమ్మలేదు. నిజమో కాదో తేల్చుకుందామని బుధవారం బైబిలు చంకన పెట్టుకుని జైలుకి వెళ్ళాను. గేటు దగ్గర కాపలా ఆయన ఎవరన్నాడు. బోధకుణ్ణన్నాను. "ఏ బోధకుడు?" అన్నాడు. ఆ గోడ మీద నా బ్యానరు లేదు కదా. ఏం చెప్పాలో తోచక, ఆదివారం వచ్చే టైలరుకి అన్నని అన్నాను. ఆయన కుర్చీలోంచి లేచాడు.

"పీలికల టైలరుకా? ఆ ముక్క ముందే చెప్పొద్దూ! కత్తెర లోపలికి పోనివ్వం అంటే ఏం చేశాడో తెలుసా? గుడ్డలోంచి ఒక్క దారం లాగాడు. ఆ గీత వెంట చేత్తో చింపాడు. స్కేలు పెట్టినట్టు చిరిగిందనుకోండి! మా ఆఫీసరుగారు ఇంట్లో కర్టెన్లు కూడా అలాగే చింపుకున్నారు."

తరగతి ఆదివారమే అయినా నన్ను ములాఖత్ జాలీ దగ్గరికి పంపాడు. ఎవర్ని పిలవమంటారంటే బ్లేడుని పిలవమన్నాను. మన షాపుకొచ్చి నా జేబు కొట్టి, పట్టుబడి, నా చేతే ప్రార్థన చేయించుకున్న బ్లేడు. పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"అన్నా! వచ్చారా! మీ తమ్ముడు మీ గురించి చెప్పని వారం లేదు. గుడ్డలన్నీ మీరే ఏరి పంపుతున్నారంట కదా. మా అందరికోసం పేరుపేరునా ప్రార్థన చేస్తారంట. మా అమ్మ పోయినప్పుడు మీరు అన్నం మానేసి మోకాళ్ళ మీదే ఉన్నారంట. నాకోసం అలా ఎవరుంటారన్నా?"

తమ్ముడూ, నేను తల ఊపాను. "అవును నాయనా" అని కూడా అన్నాను.

వాళ్ళమ్మ పోయిందని నాకు అప్పుడే తెలిసింది. అతను జాలీలోంచి వేళ్ళు దూర్చి నా వేళ్ళు తాకి ఏడుస్తుంటే, కాదురా, నేను కాదు, అన్నం మానేసింది నా తమ్ముడు అని చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం నా చేతిలో ఉంది, వదిలేశాను. అతను నా జేబులో డబ్బు కొట్టేశాడు. నేను నీ ఉపవాసాన్నే కొట్టేశాను.

తిరిగొస్తుంటే చౌరస్తాలో నా బ్యానరు. చెయ్యెత్తి, నోరు తెరిచి ఉన్నాను. బస్సులో పక్కాయన బ్యానరు వైపూ నా వైపూ మార్చి మార్చి చూస్తే తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. మందు ముట్టలేదు, పేక ముట్టలేదు, నా చూపు గురి మీదే ఉందని ఇన్నాళ్ళూ ధైర్యంగా ఉన్నాను. నేను చూస్తున్నది వాక్యం చెబుతున్న నన్ను. చెరలో ఉన్నాను, చూడ్డానికి వచ్చావా అని ప్రభువు తీర్పు రోజున అడిగితే ఏం చెప్పను? మైకు బాగా పలికిందని చెప్పనా? లోతు భార్య గురించి నేను చెప్పింది నిజమే. అది ఎవరి గురించో మాత్రం నాకు తెలియలేదు. ఉప్పయింది నాన్న కాదు, పెదనాన్న అని పాపకి నేనే చెబుతాను. నవ్వితే నవ్వనీ.

నిన్న కూటం వాళ్ళ ఇళ్ళకి వెళ్ళాను. నీ గురించి ఆ రోజు అన్నది అబద్ధమని, ఎక్కడికెళ్తున్నావో కనుక్కోకుండా నీ మీద వాక్యం విసిరానని గుమ్మం గుమ్మానా చెప్పాను. తాళాల రిపేరాయన కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చాడు. అది తిట్టినదానికంటే కష్టంగా ఉంది. ఇవ్వాళ గదికి తాళం వేశాను. అందరూ జైలు గేటు దగ్గరికే వస్తున్నారు, ఎవరి ఇంట్లో ఉన్న పీలికలు వాళ్ళు పట్టుకుని. బయటే నిలబడి ప్రార్థన చేస్తారు.

లోపలికి వెళ్ళాల్సింది నువ్వు. పాసు నీ ఒక్కడికే ఉంది. నువ్వు తోడు తెచ్చుకున్నావని చెబితేనే నన్ను గేటు దాటనిస్తారు. నీ వెనకాల సంచీ మోసుకుంటూ వస్తాను. వాక్యం నువ్వే చెప్పు. నాకు ఒక్క మాటకే సమయం ఇవ్వు, బ్లేడుకి నిజం చెప్పడానికి. అతను నన్ను అసహ్యించుకుంటాడేమో. ఆ అసహ్యం నాదే, నాకే దక్కనీ.

నన్ను క్షమించావా అని ఇప్పుడు అడగను. కోపం ఉంచుకో, నెల ఉంచుకో, నువ్వు అలిగితే ఎంతకాలమో నాకు తెలుసు. కానీ అలుగుతూనే నడువు. నువ్వు ఈ వారం రాకపోతే లోపలున్నవాళ్ళు ఏమనుకుంటారు? వీళ్ళూ మర్చిపోయారు అనుకుంటారు. నా మీద కోపంతో వాళ్ళ గుమ్మం మూయకు. బస్టాండులో నేను నిలబడి ఉంటాను. మొదటి బస్సు పోతే పోనీ, రెండోది ఉంది. రేపు మాత్రం తరగతి లేదు తమ్ముడూ. ఇవ్వాళే ఉంది. సంచీ భుజానికెత్తుకో, వదిన వెంటే బయలుదేరు, ఇప్పుడే రా.

నీ వెనక నడవడానికి ఎదురుచూస్తున్న,
నీ అన్న