ఒంటికి పడని మాత్ర

జూన్ 11
ఫిట్స్ వచ్చి పిల్లల ముందే పడిపోయాక, ఇవాళే మళ్ళీ డాన్సు క్లాసు. కొత్త మాత్రలతో కాస్త మగత. అయినా జతులు చెప్పాను. పడలేదు. అది చాలు.

జూన్ 20
ఛాతీ మీద ఎర్రటి దద్దుర్లు. ఈ ఉక్కకి చెమటకాయలేమో.

జూన్ 21
వీపుకీ పాకాయి. జ్వరం. అత్తయ్య చూసి చెంపలు వేసుకున్నారు — "అమ్మవారు పోసిందే అమ్మాయ్. మందులూ మాకులూ అనకు." మంచం చుట్టూ వేపరెమ్మలు. నేనూ నమ్మాను. ఫిట్స్ మాత్ర మాత్రం మానలేదు... మళ్ళీ పడిపోతానని భయం.

జూన్ 29, బందరు ఆస్పత్రి
ఇప్పటికి పెన్ను పట్టగలిగాను. వేపరెమ్మలు పెట్టిన మర్నాడు మజ్జిగ కూడా దిగలేదు. నోరంతా పుండ్లు, కళ్ళు మంట. మా ఆయన టార్చి వేసి నోట్లోకి చూసి, కారు తాళాలు తీసుకున్నారు. గుమ్మంలో అత్తయ్య అడ్డం — "అమ్మవారు ఇంట్లో ఉండగా గడప దాటిస్తావురా?"
"దాటిస్తానమ్మా. తప్పయితే నాకే తగలనీ."
మా గూడూరు నుంచి ఇక్కడిదాకా ఆయన చేయి నా చేతి మీదే. చర్మం మండిపోతున్నా తీయమనలేదు.
డాక్టరుగారు అన్నారు — "అమ్మవారు కాదండీ. ఆ మాత్ర మీ ఒంటికి పడలేదు. ఇంకా వేసుకుంటూ ఉంటే ప్రాణం మీదికొచ్చేది. జన్మలో ముట్టుకోకండి."
నన్ను నిలబెడుతుందనుకున్న మందే.

జులై 9
ఇల్లు. వీపు మీద తోలు పొరలుగా ఊడుతోంది. అత్తయ్య ఆయింట్‌మెంట్ రాస్తున్నారు. "నా మాట వినే కదే ఇంత..." నిజమే అనుకున్నాను. ఆవిడ చేయి మాత్రం తోసేయలేదు.

జులై 15
క్లాసు. ఒక పాప తల్లి గుమ్మంలోనే ఆగింది. "అంటుకుంటుందా మేడమ్?"
"అంటుకోదమ్మా. మందు పడక వచ్చింది."
తలూపింది. పాపని మాత్రం లోపలికి పంపలేదు. కోపం రాలేదు. అద్దంలో చూసుకుని నేనే జంకుతున్నాను కదా.

జులై 19
ఆ మాత్ర ఆపాక వేరేదేమీ వేసుకోవడం లేదు. వంటింట్లో మళ్ళీ ఫిట్స్. తెలివి వచ్చేసరికి తల అత్తయ్య ఒళ్ళో ఉంది.

జులై 20
డాక్టరుగారు వేరే రకం మాత్ర రాశారు. ఇదైనా పడుతుందా అని అడిగాను. "చాలామందికి పడుతుందండీ. ఒక్క మచ్చ లేచినా, నోట్లో పుండు కనిపించినా వెంటనే వచ్చేయండి."
చాలామందికి... ఆ పాత మాత్రా అంతే కాబోలు.

జులై 21
ఉదయం. మాత్ర అరచేతిలో. మా ఆయన, "నీ ఇష్టం" అన్నారు. అత్తయ్య నీళ్ళ గ్లాసుతో నిలబడ్డారు. వేసుకోమనీ అనరు, వద్దనీ అనరు.
మింగాను.
ఆవిడ నా ముంజేయి కిటికీ వెలుతురులోకి తిప్పి చూస్తున్నారు.
"ఇప్పుడే ఏం కనపడుతుంది అత్తయ్యా?"
"తెలుసులే. చూడనీ."