తెల్లగుడ్డ పరీక్ష

సుజాతా,

ఆపరేషన్ కత్తెరల్లో కంటికి కనబడని మురికిని కూడా పసిగట్టే యంత్రం ఈరోజు జగిత్యాలలోని మా ఆసుపత్రికి వచ్చింది. ఇన్నేళ్లూ నేను కడిగిన ప్రతి కత్తెర కీలునూ తెరిచి, సిరిసిల్లలో మీ నాన్న నేసిన తెల్లగుడ్డతోనే తుడిచి పరీక్షించేవాణ్ని. నీ ఆపరేషన్ ముందు, "నన్ను కోసే కత్తెర గూడ నువ్వే తుడువాలె, వేరేటోళ్లకియ్యకు" అన్నావు నవ్వుతూ. నేనే తుడిచాను. గుడ్డకు మరక అంటలేదు. అయినా నీ గాయం చీముపట్టిన నాటి నుంచి ఆ గుడ్డను నమ్మలేకపోయాను.

ఈరోజు గుడ్డతో చూసిన కత్తెరలన్నింటినీ యంత్రంలో పెట్టాను. నర్సు విసుక్కుంది: "ఎన్నిసార్లు పెడ్తవే అన్నా? అన్నీ సాఫే ఉన్నయ్. నీ గుడ్డ అబద్ధమాడలే."

నీకు చెప్పాలని కోరుట్ల బస్సెక్కి తొందరగా ఇంటికి వచ్చాను. తాళం తీసి, లైటు వేసి, ఒక్కడికి సరిపడా అన్నం వండుకున్నాను.