రమణ కారు వెనక తలుపు

1986, ఆదివారం రాత్రి

తోడల్లుడు రమణ తన జపాన్ కారు తెచ్చాడు. "వెనక డోరు పైకెత్తితే నిలబడట్లేదు. ఏటైందో సూడు తమ్ముడూ" అన్నాడు. తలుపును ఎత్తిపట్టే గ్యాస్ రాడ్లు రెండూ నూనె కారి నీరసించిపోయాయి. ఓడలో పనిచేసే స్నేహితుడితో తెప్పించిన కొత్త రాడ్లు ఇచ్చాడు. తలుపును భుజంతో మోస్తూ వాటిని బిగించాను.

ఈసారి కొంచెం ఎత్తగానే అది మెల్లగా లేచి నిలిచింది. మా ఆవిడ సరోజ చప్పట్లు కొట్టి, "కారంటే ఇలాగుండాల బావా!" అని రమణతో అంది. గ్రీజు పట్టిన నా చేతుల వంక చూడనే లేదు.

అందరూ భీమిలి షికారుకెళ్లారు. నన్నూ రమ్మన్నారు. పనుందన్నాను. ఏ పనీ లేదు, ఇంటి ముందు నా పాత స్కూటరు తుడుస్తూ కూర్చున్నాను.

తిరిగొచ్చాక సరోజ అన్నం వడ్డించింది గానీ, కారు మాట ఒక్కటీ ఎత్తలేదు. నాకు కష్టంగా ఉందని తనకు తెలిసిపోయిందా? ఆ మాట ఎత్తి ఉంటేనే నయంగా ఉండేది.