ఆరో రింగు

చెల్లీ,

పది గంటలకు బడి నుంచి టీచరమ్మ వస్తుంది. ఆటిజం పిల్లల తరగతిలో ఇంకొక్కరికే చోటుంది. పాప ఒక చిన్న పని మొదలుపెట్టి ముగించడం ఆమె చూస్తేనే చేర్చుకుంటుంది. నాకు సెలవివ్వలేదు. బస్సు వేళయింది.

ఆమె రాకముందే ఫ్యాను ఆపు, ఆ చప్పుడు పాపకు పడదు. రింగుల డబ్బా, వాటిని తొడిగే కర్ర చాప మీద పెట్టు. రా, కూర్చో అని బతిమాలకు. ముందు నువ్వు కూర్చుంటే తనే వస్తుంది. ఐదు రింగులు తొడగ్గానే "అయిపోయింది" అని డబ్బా మూత పెట్టెయ్యి. కిటికీ దగ్గరికి పోనివ్వు. నీ వైపు చూడలేదని గడ్డం పట్టుకుని తిప్పకు.

నిన్న ఐదూ చక్కగా తొడిగింది. అయిపోయిందని నువ్వే చెప్పి, మళ్ళీ మురిసిపోయి "మా బంగారం, ఇంకొక్కటి" అన్నావు. ఇక మన మాట ఏం నమ్ముతుంది? అందుకే నీ చెయ్యి కరిచింది. నేను దాన్ని తప్పు పట్టను. మీ వదిన బతికుండగా ఒక్కనాడూ ఐదు దాటించలేదు. నువ్వు పక్కనే కూర్చుని చూశావు కూడా.

టీచరమ్మ అడిగినా ఇంకొకటి ఇవ్వకు. ఆరో రింగు నా జేబులో వేసుకుపోతున్నాను.

అన్నయ్య

చేతికి మందు రాసుకో, అలమర పై అరలో ఉంది. ఆదివారం నువ్వు బజారుకెళ్ళినప్పుడు నేనూ ఆరోది ఇచ్చాను. నన్నూ కరిచింది. తలుపు సందులో వేలు నలిగిందని నీకు అబద్ధం చెప్పాను.