పోలయ్య పెదనాన్న ఇంజన్

రైల్వే కాలనీ, బిలాస్‌పూర్
2006

పృథ్వీ,

దీవెనలు చివర్లో. ముందు ఇది చదువు.

మీ మ్యూజియం వెబ్‌సైటును ఇక్కడ ఎవరికైనా చూపించి, ఎక్కడ తికమకపడ్డారో రాయమన్నావు. పోలయ్య పెదనాన్నను కూర్చోబెట్టి, తను నడిపిన స్టీమ్ ఇంజన్‌ను అందులో వెతకమన్నాను. ‘సెర్చ్ ఇంజన్’ అన్న మాట కనబడగానే సంబరంగా అక్కడే నొక్కాడు. ఖాళీ డబ్బా వచ్చింది.

“అచ్ఛా, తుక్కుకి అమ్మీసినారేటి?” అన్నాడు.

మ్యూజియంలో భద్రంగా ఉందన్నాను.

“మరయితే కనబడదేటి?”

ఇక్కడివాళ్ళకి కంప్యూటర్ రాదని మళ్ళీ రాయకు. ఇంజన్ల ఫొటోలు నాకూ దొరకలేదు, ఎక్కడ నొక్కినా మీ డైరెక్టరుగారి ఉపన్యాసమే. షెడ్డు నుంచి ఆ స్టీమ్ ఇంజన్‌ను తీసుకెళ్ళిన రోజు, ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చని పెదనాన్నకు మాటిచ్చింది నువ్వే.

దీవెనలు ఆ ఇంజన్ కనబడ్డాక.

అక్క