ఆడించమంటే

అమ్మా, మేం ముగ్గురం ఆరోగ్యంగానే ఉన్నాం, కార్డు చూసి కంగారు పడకు.

పద్నాలుగు నెలలు నిండినా బుడ్డది ఇంకా పాకడం లేదు. ఎర్ర బంతి కాస్త దూరంలో పెట్టి ఆడిస్తే దానికోసమైనా కదులుతుందని ఫిజియో మేడం చెప్పింది కదా. నేను రోజుకు నలభై సార్లు చేయించి, నోటుబుక్కులో గీతలు పెట్టి ఇవాళ చూపించాను. ఆవిడ బంతి బయటకు తీయగానే పిల్ల మొహం తిప్పుకుని గుక్కపెట్టి ఏడ్చింది. "ఆడించమన్నాను గానీ పరీక్షకు తయారుచెయ్యమన్నానా తల్లీ? ముందు ఆ పుస్తకం మూసెయ్" అంది మేడం. ఇప్పుడు నేను చాప పరిస్తేనే ఏడుస్తోంది. ఉన్న ఒక్క దారినీ నా చేతులతో నేనే మూసేశాను. "నీకు ఫస్టు రాకపోతే నిద్ర పట్టదుగా" అని మీ అల్లుడు నవ్వించబోయారు. నాకు నవ్వు రాలేదు.

నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? వంటింటి కొళాయి ఇంకా కారుతోందా? తమ్ముడి చిన్నప్పటి స్వెటర్లుంటే పంపు. నన్ను ఒళ్లో వేసుకుని ఎలా ఆడించేదానివో, ఏమేం అనేదానివో ఉన్నదున్నట్టు రాయి. నాకు ఆడటం రాదమ్మా.

నాన్నకు దండాలు. బుడ్డదానికి మీ ఇద్దరి దీవెనలూ గట్టిగా పంపండి, నావి పనిచేయడం లేదు.

నీ పెద్దది